మేం ఏ పార్టీ వాళ్లమో రాశారు, ఏం అడిగామో రాయలేదు: తెలుగు పత్రికలు, ఛానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికలు, వార్తా ఛానళ్ల సంపాదకులకు, యాజమాన్యాలకు,
వరంగల్, హనుమకొండ డెస్కుల్లో పనిచేస్తున్న మిత్రులకు,

నమస్కారం.

నేను సర్కారు బడిలో ముప్పై రెండేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. మాది వర్ధన్నపేట వైపు, కాకతీయ కాలువ కింద చివరి ఆయకట్టు ఊరు. మా ఊరి గ్రంథాలయంలో రోజూ పొద్దున పేపర్లు చదివేవాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. రైతులు, ఒక రిటైర్డ్ కండక్టర్, ఒక ఆశా కార్యకర్త, గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలు. ఐదు పత్రికలు తెప్పిస్తాం. అందులో మూడింటికి చందా మేమే వేసుకుంటాం.

ఈ లేఖ పదకొండు మంది తరఫున రాస్తున్నాను. దీనికంటే ముందు, మా ఊరి రైతుల ధర్నా మీద వచ్చిన తప్పుడు వార్తను సవరించమని మీలో ఒక పత్రికకు నాలుగు ఉత్తరాలు పంపాం. అందులో రెండు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు సంతకం పెట్టిన కార్డులు తిరిగొచ్చాయి గానీ జవాబు రాలేదు. హనుమకొండలోని ఆఫీసుకు పోతే డెస్కు చూసుకుంటుందన్నారు. డెస్కును అడిగితే హైదరాబాద్ నుంచి చెప్పాలన్నారు. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే జిల్లా వార్త జిల్లాలోనే తేల్చుకోండి అన్నారు. నాలుగు నెలలు అట్లా తిరిగాక అందరి ముందూ చెప్పుకోవడం తప్ప వేరే దారి కనిపించలేదు.

ఆ పత్రిక పేరు రాయడం లేదు. ఒక్క పేరు రాస్తే చాలు, మేం ఎదుటి పార్టీ మనుషులమైపోతాం. చెప్పాల్సిన మాట అక్కడే ఆగిపోతుంది. పైగా తప్పు ఒక్కరిదే కాదు. ఐదు పత్రికలూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లం కాబట్టి ఆ మాట నమ్మకంగా అంటున్నాం.

జరిగింది ఇది. పోయిన యాసంగిలో మా డిస్ట్రిబ్యూటరీకి, అంటే మా పిల్ల కాలువకు, వారబందీ పద్ధతిలో నీళ్లు ఇచ్చారు. కొన్ని రోజులు వదులుతారు, కొన్ని రోజులు బంద్ పెడతారు. పై ఊరి దగ్గర ఒక తూము షట్టర్ విరిగిపోయి ఉంది. మా వంతు వచ్చేసరికి నీళ్లు అక్కడే పక్కకు పోయేవి. వరి పొట్ట దశలో ఉంది. వరుసగా రెండు వంతులు తప్పాక మా రైతులు, ఆడవాళ్లతో సహా, రోడ్డు మీద కూర్చున్నారు. గంటన్నర కూర్చున్నారు. ఎస్సై వచ్చి మాట్లాడాడు, ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) ఫోన్‌లో మాట ఇచ్చాడు, లేచి వచ్చేశాం. మేం అడిగినవి రెండే. షట్టర్ బాగు చేయండి, మా వంతు రోజుల్లో నీళ్లు చూసుకునే లస్కర్‌ను కాలువ మీద ఉంచండి.

మర్నాడు మూడు పత్రికల్లో వార్త వచ్చింది. ఒక పత్రిక వందలాది రైతులు సర్కారు మీద తిరగబడ్డారని రాసింది. మేం ఉన్నది అరవై మంది లోపే. రెండో పత్రిక ఒక నాయకుడు ధర్నా దగ్గరికి వచ్చి రైతులను పరామర్శించారని రాసింది. ఆయన రాలేదు. మూడో పత్రిక ఇది రైతుల ధర్నానే కాదు, ఓడిపోయిన పార్టీ చేయించిన నాటకం అంది. ముందు నిలబడి వినతిపత్రం ఇచ్చిన యువకుడి ఫొటో వేసి, ఆ పార్టీ మండల నాయకుడు అని కింద రాసింది.

షట్టర్ గురించి మూడింట్లో ఒక్క వాక్యం లేదు. లస్కర్ గురించీ లేదు.

ఆ యువకుడు ఏ పార్టీలోనూ లేడు. డిగ్రీ చదివి, రెండెకరాలు చేసుకుంటూ, రాత్రిళ్లు గ్రూప్స్‌కు చదువుకుంటాడు. ఆ ఫొటో వచ్చిన రోజు నుంచి ఊర్లో సగం మందికి అతను ఎదుటి పార్టీవాడు. మిగతా సగం మంది తమ పార్టీలో ఎప్పుడు చేరావని అడిగారు. మండల ఆఫీసులో ఏ పని మీద పోయినా ఒక నవ్వు, ఒక ఎత్తిపొడుపు. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, "సారూ, మావోడు ఏ పార్టోడు కాదని పేపర్ల ఎయ్యమని చెప్పరాదుండ్రి" అంది. నేను రాసిన మొదటి ఉత్తరం ఆమె కోసమే. అడిగింది రెండు లైన్ల సవరణ.

పత్రిక అంటే ఈ నేలకు కొత్త కాదు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 1920ల్లోనే తెనుగు పత్రిక నడిపారు. పేపరూ అచ్చూ దొరకని రోజుల్లో, నిజాం పాలనలో, ఒక పల్లెటూరి నుంచి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక మొదలైంది. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు నరికి చంపారు. ఆయన ఏం రాశాడో, ఎవరికి ఎదురుగా రాశాడో ప్రతి పాఠకుడికీ తెలుసు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని తన పేరుతోనే, తన పత్రికలోనే రాశాడు. ఆయనకు ఒక పక్షం ఉంది. దాన్ని దాచలేదు. అది అభిప్రాయమని చెప్పి రాశాడు, ప్రాణం ఇచ్చాడు.

అందుకే మీకు పక్షం ఉండకూడదని మేం అడగడం లేదు. సంపాదకీయం రాయండి, మీకు నచ్చిన పార్టీని సమర్థించండి, నచ్చని ప్రభుత్వాన్ని ఉతికి ఆరేయండి. అది మీ హక్కు. మా గొడవంతా సంపాదకీయం పేజీ దాటి, జిల్లా పేజీలోకి, మండల వార్తలోకి, మార్కెట్ ధరల్లోకి, చివరికి మా కాలువ వార్తలోకి ఆ పక్షం వచ్చి కూర్చోవడం గురించి. వార్త అని పేరు పెట్టి ఇంకేదో అమ్ముతున్నారు. దానివల్ల మాలాంటి వాళ్లకు ఏమవుతుందో హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు. అందుకే ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. నీళ్లు. 2023 అక్టోబర్ 21న గోదావరి మీది కాళేశ్వరం ప్రాజెక్టులో మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ఎన్నికల పోలింగ్ నవంబర్ 30న. మధ్యలో నలభై రోజులు. ఆ నలభై రోజుల పేపర్లు మా దగ్గర కట్టగట్టి ఉన్నాయి. ఒక పత్రిక చదివితే చిన్న పగులు, రేపో మాపో సర్దేస్తారు అన్నట్టు ఉంటుంది. ఇంకొకటి చదివితే 85 గేట్ల బరాజ్ మొత్తం గోదాట్లో కొట్టుకుపోయినట్టు ఉంటుంది. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ బృందం వచ్చి చూసింది, ప్లానింగ్‌లో, డిజైన్‌లో, నాణ్యత తనిఖీలో, నిర్వహణలో లోపాలున్నాయని నవంబర్ మొదట్లోనే నివేదిక ఇచ్చింది. ఆ నివేదికలో ఏముందో వరుసగా, మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పిన కథనం మా ఐదు పత్రికల్లో మాకు దొరకలేదు. ఒకరు దాన్ని పదో పేజీలో దాచారు. ఇంకొకరు అందులోంచి రెండు మాటలు తీసుకుని పతాక శీర్షిక చేశారు.

మాకు కావలసిన ప్రశ్న ఒక్కటే. మేడిగడ్డలో నీళ్లు ఆపలేకపోతే, ఎల్లంపల్లి నుంచి మిడ్ మానేరు, అక్కడి నుంచి లోయర్ మానేరుకు వచ్చేది ఎంత తగ్గుతుంది? లోయర్ మానేరు దాటాక కాకతీయ కాలువ 146వ కిలోమీటరు నుంచి 284 దాకా, ఆ కింద రెండో దశలో 346 దాకా, ఎవరు యాసంగిలో వరి వేసుకోవచ్చు, ఎవరు తక్కువ నీళ్ల ఆరుతడి పంటలకు పోవాలి? ఇది రాజకీయం కాదు, నాటు వేసే ముందు రైతు తెలుసుకోవాల్సిన సంగతి. 2024 యాసంగిలో మా చుట్టుపక్కల పొలాలు ఎండాయి. ఒక పత్రికలో అది పూర్తిగా ప్రభుత్వం తెచ్చిన కరువు. ఇంకో పత్రికలో అసలు కరువే లేదు. రిజర్వాయర్లో ఎన్ని టీఎంసీలున్నాయి, తాగునీటికి ఎంత పక్కన పెట్టారు, సాగుకు మిగిలింది ఎంత అన్న లెక్క మొదటి పేజీలో ఎక్కడా కనిపించలేదు. మా దగ్గర కూర్చునే ఒక రైతు తనకు నచ్చిన పత్రికను నమ్మి నాలుగెకరాలు నాటు పెట్టాడు. రెండు బోర్లు వేయించాడు. ఒకటి పడలేదు. ఆ అప్పు మీద ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు. వార్త వల్ల పంట ఎండిందని నేను అనను. కానీ ఆ లెక్క ముందే తెలిసి ఉంటే ఆయన మక్క వేసేవాడు, లేదా రెండెకరాలతో ఆగేవాడు. ఆ మాట ఆయనే అన్నాడు.

2. వరంగల్ ఎనుమాముల మార్కెట్. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మనమే గొప్పగా చెప్పుకుంటాం. పొద్దున జెండా ఎత్తి వేలం పాట మొదలుపెడతారు. అందులో మేలురకం సరుకుకు పలికిన పై ధరే జెండా పాట. ఆ ధర ఆ రోజు చాలా తక్కువ మందికి దక్కుతుంది. మిగతా బస్తాలకు తేమ అని, తాలు అని, రంగు అని తగ్గించి రాస్తారు. ఇది మార్కెట్‌కు ఒక్కసారి పోయినవాడికైనా తెలుసు. మీ విలేకరులకూ తెలుసు. అయినా ప్రభుత్వం నచ్చిన పత్రిక జెండా పాట ధరను పెద్దక్షరాల్లో వేసి రైతు ఇంట పండుగ అంటుంది. నచ్చని పత్రిక అదే రోజు, అదే యార్డులో అందరికంటే తక్కువ పడిన ధర పట్టుకుని రైతు కంట నీరు అంటుంది. మధ్య ధర ఎంత, ఎన్ని బస్తాలు వచ్చాయి, అందులో ఎక్కువ బస్తాలు ఏ ధరకు పోయాయి అన్నది రాయరు. పండుగ వార్త చదివినవాడు కూలీలకు ఎక్కువ కూలి ఇచ్చి ఆగమాగం ఏరించి, బండి కట్టుకుని మార్కెట్‌కు పోతాడు. కన్నీటి వార్త చదివినవాడు ఊర్లోకి వచ్చిన దళారికి కల్లం మీదనే ఇచ్చేస్తాడు. ఇద్దరూ నష్టపోతారు. మిర్చి మీద రాసినప్పుడు తేజ రకం ధరా, వండర్ హాటా, చపాటానా అన్నది కూడా చెప్పకుండా మిర్చి ధర అని ఒక్క అంకె వేసిన వార్తలు మా కట్టల్లో ఉన్నాయి.

3. రుణమాఫీ. 2024లో జూలై 18న లక్ష లోపు, జూలై 30న లక్షన్నర లోపు, ఆగస్టు 15న రెండు లక్షల లోపు అని మూడు విడతలుగా మాఫీ ప్రకటించారు. ఆగస్టు 16 నుంచి మీ పేజీలు చూస్తే రెండు తెలంగాణలు ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకదాంట్లో అందరికీ అయిపోయింది, ఇంకోదాంట్లో ఎవరికీ కాలేదు. మా ఊర్లో నిజం ఏమిటంటే కొందరికి అయింది, కొందరికి కాలేదు. ఎందుకు కాలేదంటే ఒకరికి ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు కలవలేదు. ఒకరికి రేషన్ కార్డు లేదు, కుటుంబ నిర్ధారణ జరగలేదు. ఒకరికి అప్పు రెండు లక్షలు దాటింది, పైన ఉన్నది ముందు కట్టమన్నారు. వీళ్లు ఎవరి దగ్గరికి పోవాలి, ఏ కాగితం పట్టుకుపోవాలి, మండల వ్యవసాయ అధికారి ఏం చేయగలడు అని ఒక పత్రికైనా జిల్లా పేజీలో అరపేజీ వేసి ఉంటే ఎంత మేలయ్యేది. మాకు దొరికింది నాయకుల సవాళ్లు, ప్రతి సవాళ్లు. రాజీనామా చేస్తావా, నువ్వు చేస్తావా. పైన ఉన్న అప్పు కట్టడానికి మా ఊర్లో ఒకాయన మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు.

4. ఎన్నికలప్పుడు ప్యాకేజీ. ఇది మీకు నచ్చని మాట, కానీ ఊర్లలో అందరూ వాడే మాట. అభ్యర్థి డబ్బులిస్తే వార్తలాగే కనిపించే ప్రచారం. 2009 ఎన్నికల తర్వాత దేశమంతా దీని మీద గొడవైంది. పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. ఆ ఇద్దరిలో ఒకరు మన తెలుగు సంపాదకులు కె.శ్రీనివాస్ రెడ్డి గారు, ఇంకొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. 2010లో వాళ్లిచ్చిన 71 పేజీల నివేదికను కౌన్సిల్ మొత్తంగా బయటపెట్టలేదు, కుదించి ఇచ్చింది. పూర్తి నివేదిక బయటికి రావడానికి సమాచార హక్కు కింద అడగాల్సి వచ్చింది, కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సి వచ్చింది. వార్తలు బయటపెట్టాల్సిన వృత్తి తన మీద వచ్చిన నివేదికను దాచుకుంది. ఒక ఉపాధ్యాయుడిగా ఇది నన్ను చాలా బాధపెట్టిన సంగతి.

ఆ తర్వాత ఎన్నికల సంఘం ప్రతి జిల్లాలో మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ పెట్టింది. డబ్బుకు వేసిన వార్తని తేలితే ఆ ఖర్చును అభ్యర్థి ఖాతాలో కలుపుతారు. మన అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యే మీద 2011లో ఇదే విషయంలో అనర్హత వేటు పడింది. టీవీలో వచ్చే రాజకీయ ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది, ఆ కేసు మొదలైంది కూడా మన తెలుగు ఛానల్ ప్రకటనల దగ్గరే. అంటే చట్టం లేక కాదు, కమిటీ లేక కాదు. కమిటీ వెతికేది అభ్యర్థి ఖర్చును. డబ్బు తీసుకున్న పత్రిక పేరు పాఠకుడికి చెప్పే నాథుడు లేడు. ఒకే ఫొటో, ఒకే పొగడ్త, అక్షరం తేడా లేకుండా రెండు పత్రికల్లో ఒకే రోజు వస్తే అది రెండు చోట్ల ఇద్దరు విలేకరులు రాసిన వార్త ఎట్లా అవుతుంది? మా రిజిస్టర్‌లో అట్లాంటివి అతికించి పెట్టుకున్నాం.

5. ఊరు. దీని గురించి ఎక్కువ రాయలేను. హోటల్ దగ్గర టీవీలో ఏ ఛానల్ పెట్టాలనే దాని మీద ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు కొట్టుకున్నారు. ఇప్పుడు హోటల్ ఆయన వార్తలే బంద్ పెట్టి పాటలు పెడుతున్నాడు.

ఇదంతా చెప్పి మండల విలేకరుల మీద నెట్టేస్తే మాకు పాపం తగులుతుంది. వాళ్లు మా ఊరి పిల్లలే, కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లు. ఒక శిష్యుణ్ని పిలిచి నిలదీశాను. "సార్, నెలకు నాకు వచ్చేది పెట్రోల్‌కు సరిపోదు. జెడ్పీటీసీ పుట్టినరోజుకు యాడ్ తేవాలె, ఎమ్మెల్యే పుట్టినరోజుకు యాడ్ తేవాలె, ఆగస్టు పదిహేనుకు, దసరాకు తేవాలె. టార్గెట్ కాకపోతే ఐడీ కార్డు తీసుకుంటరు. యాడ్ ఇచ్చినోడి మీద నేను వార్త ఎట్ల రాయాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వార్త రాసేవాడి చేతికే రసీదు బుక్కు ఇచ్చింది మీరు. మా షట్టర్ వార్తను అతను రాసి పంపాడట. డెస్కులో అది పార్టీ వార్తగా మారి వచ్చిందట. తన పేరు చెప్పొద్దన్నాడు, చెప్పడం లేదు. యాజమాన్యం చేసే తప్పుకు ఊర్లో మాట పడేది అతను. మా ధర్నా తర్వాత అతని బండిని ఇద్దరు ఆపి బెదిరించారు కూడా.

మీ ముందు పెడుతున్న డిమాండ్లు ఇవి. ఏ ఒక్కటీ మీ స్వేచ్ఛను తగ్గించేది కాదు. ప్రభుత్వం మీ మీద కత్తి పెట్టాలని మేం కోరడం లేదు. ఏ ప్రభుత్వం చేతికి ఆ కత్తి ఇచ్చినా అది మొదట కోసేది షట్టర్ గురించి రాసే చిన్న విలేకరినే అని మాకు తెలుసు. ఇవి మీ అంతట మీరు చేయగలిగినవి.

1. సవరణకు చోటు. ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది, తప్పు తెలిసిన వెంటనే తగిన ప్రాధాన్యంతో సవరణ వేయాలని, తప్పు పెద్దదైతే క్షమాపణ కూడా చెప్పాలని. జిల్లా పేజీలో ఫొటోతో వచ్చిన తప్పుకు అదే పేజీలో, అదే చోట, ఫొటోతో సవరణ రావాలి. రోజూ ఒకే చోట సవరణల కోసం ఒక పెట్టె కేటాయించండి. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో వేస్తామో, వేయమో, ఎందుకు వేయమో రాతపూర్వకంగా చెప్పండి. టీవీ వాళ్లకు 2021 కేబుల్ నియమాల కింద పదిహేను రోజుల్లో ఫిర్యాదుకు జవాబివ్వాలని ఇప్పటికే ఉంది. ఆ ఫిర్యాదు ఎవరికి పంపాలో తెరమీద రోజుకు రెండుసార్లయినా తెలుగులో చూపించండి. ఇప్పుడు ఊర్లో ఎవరికీ తెలియదు.

2. యజమాని ఎవరో చెప్పండి. ఏటా మార్చిలో యాజమాన్య వివరాలు పత్రికలో వేయాలన్న పాత నియమం ఉంది. మీరు దాన్ని భూతద్దం పెట్టి చదివే అక్షరాల్లో వేస్తారు. అందులో కంపెనీ పేరుంటుంది, ఆ కంపెనీ వెనక ఏ పార్టీ నాయకుడి కుటుంబం ఉందో ఉండదు. రాజకీయ పార్టీలు, వాటికి సంబంధించిన సంస్థలు ప్రసార రంగంలోకి రాకుండా ఆపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులో సిఫారసు చేసింది. అది ఎప్పటికి చట్టమవుతుందో మా చేతిలో లేదు. యజమాని కుటుంబంలో ఎవరైనా పార్టీ పదవిలోనో, చట్టసభలోనో ఉంటే ఆ మాట మొదటి పేజీ అడుగున ఒక్క వాక్యంలో వేయడం మీ చేతిలో ఉంది. పార్టీ పత్రికనని చెప్పుకుని నడిపితే మాకు అభ్యంతరం లేదు. అట్లా చెప్పుకుని నడిచిన పత్రికలను తెలుగువాళ్లు గౌరవంగానే చదివారు.

3. ప్రకటన అని రాయండి. డబ్బు తీసుకుని వేసిన ప్రతిదాని మీదా, వార్త అక్షరాలంత పెద్దగా, ప్రకటన అని తెలుగులో ఉండాలి. ఎన్నికల నెలలో ఏ అభ్యర్థి దగ్గర, ఏ పార్టీ దగ్గర, ఏ ప్రభుత్వ శాఖ దగ్గర ఎంత ప్రకటన ఆదాయం వచ్చిందో పోలింగ్ అయిన నెలలోపు మీ పత్రికలోనే వేయండి. అభ్యర్థి తన ఖర్చు చూపాలి అన్నప్పుడు తీసుకున్నవాళ్లు కూడా చూపాలి.

4. వార్త రాసేవాడికి యాడ్ టార్గెట్ వద్దు. మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కు బతకగలిగే జీతం ఇవ్వండి. ప్రకటనలకు వేరే మనిషిని పెట్టుకోండి. ఇది ఖర్చుతో కూడిన పని అని తెలుసు. దీనివల్ల పేపర్ ధర ఒక రూపాయి పెరిగినా మా పదకొండు మందిమీ ఇస్తాం, రాసి సంతకం పెట్టి ఇస్తాం.

5. పై ఊరికి పోయి చూడండి. కాలువ వార్తకు తూము దగ్గర ఫొటో, మార్కెట్ వార్తకు మధ్య ధర, బస్తాల లెక్క, పథకం వార్తకు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, రానివాళ్లు ఏం చేయాలి. సభ వార్తకు ఒకే ఫొటో కాకుండా నిండిన చోటూ, ఖాళీ చోటూ. నాయకుడి తిట్టు శీర్షిక చేసే ముందు ఆ తిట్టులో చెప్పిన అంకె నిజమో కాదో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

6. తెలంగాణ మీడియా అకాడమీకి, జర్నలిస్టు సంఘాలకు ఒక విన్నపం. జిల్లాకొక పాఠకుల వేదిక ఏర్పాటు చేయండి. మూడు నెలలకోసారి ఎడిషన్ ఇన్‌చార్జిలు, బ్యూరో వాళ్లు వచ్చి మాలాంటి వాళ్ల ముందు కూర్చోవాలి. వరంగల్‌లో అయినా, హనుమకొండలో అయినా మేం బస్సు చార్జీలు పెట్టుకుని వస్తాం. ప్రెస్ కౌన్సిల్‌కు మందలించే అధికారమే తప్ప జరిమానా వేసే అధికారం లేదు, ఛానళ్లు అసలు దాని పరిధిలోనే లేవు. అంత దూరం మా రైతులు రాసుకుంటూ తిరగలేరు. ముఖాముఖి మాట్లాడితే సగం తప్పులు ఆ రోజే తేలిపోతాయి.

ఈ లేఖ కాపీలు ఐదు పత్రికల సంపాదకులకూ, మా జిల్లాలో కనిపించే వార్తా ఛానళ్లకూ, మీడియా అకాడమీకీ, ప్రెస్ కౌన్సిల్‌కూ పంపుతున్నాం. నెల రోజులు చూస్తాం. ఆ పత్రిక నుంచి జవాబు రాకపోతే నాలుగు ఉత్తరాలు, అందినట్టు కార్డులు, పేపర్ కటింగులు జతచేసి ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు దాఖలు చేస్తాం. చందా మాత్రం ఆపం. ఆపితే మీరు ఏం రాస్తున్నారో మాకు తెలియకుండా పోతుంది.

మీలో ఎవరైనా రావాలనుకుంటే గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి తెరిచి ఉంటుంది. 2023 అక్టోబర్ నుంచి పేపర్ కట్టలు, మా రిజిస్టర్ అక్కడే ఉన్నాయి. తూము కూడా చూపిస్తాం. షట్టర్ ఇంకా అట్లాగే ఉంది, వచ్చే వారం మళ్లీ ఏఈని కలవబోతున్నాం.

ఆ యువకుడి గురించి సవరణ వేసే రోజు మాకు ముందుగా తెలియజేయండి. ఒక కాపీ వాళ్లమ్మకు ఇవ్వాలి, ఒకటి మండల ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించాలి. రెండు పేపర్లు ఎక్కువ తెప్పించమని ఏజెంటుకు చెప్పి ఉంచాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మరో పది మంది పాఠకులు
వరంగల్ జిల్లా